బాపు పట్టనన్న కట్టె

ఈ వారం మన ఛానెల్‌లో పెట్టిన 'దండం అంటే కర్రా, నమస్కారమా?' వీడియో చూసే ఉంటారు. పన్నెండు నిమిషాల్లో సగం విషయమే చెప్పగలిగాను. మిగతా సగం మా ఇంటి సంగతి. కెమెరా ముందు చెప్పబోతే గొంతు పట్టేసింది, ఆ ముక్క తీసేశాను. రాస్తే చెప్పగలననిపించి ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపికగా చదవండి.

మాది మంచిర్యాల. మా బాపు సింగరేణిలో, శ్రీరాంపూర్ వైపు ఒక బాయిలో టింబర్‌మన్‌గా చేసి రిటైర్ అయ్యాడు. గనిని మా దగ్గర బాయి అంటారు, బయటివాళ్ళు నీళ్ళ బావి అనుకుంటారు. భూమి లోపల బొగ్గు తీసిన చోట పైనున్న బండ కూలకుండా కట్టెలు నిలబెట్టడం టింబర్‌మన్ పని. అంటే మా ఇంట్లో అన్నం కట్టె నుంచి వచ్చింది. నా ఇంజనీరింగ్ ఫీజు కూడా.

పోయిన వానాకాలం బాపు బాత్‌రూంలో జారిపడ్డాడు. ఎముక విరగలేదు, కానీ మోకాలు దెబ్బతిన్నది. డాక్టరు కొన్నాళ్ళు కర్ర పట్టుకుని నడవమన్నారు. నేను హైదరాబాద్‌లో ఉన్నాను, రిలీజ్ పనుల్లో ఊపిరాడటం లేదు. ఫోన్‌లోనే ఒక కర్ర ఆర్డర్ చేశాను. అల్యూమినియంది, కింద నాలుగు కాళ్ళు, ఎత్తు మార్చుకోవచ్చు, నాలుగున్నర స్టార్లు. రెండు రోజుల్లో ఇంటికి చేరింది. బాపు దాన్ని తలుపు వెనక పెట్టేశాడు.

"నేనేమన్న ముసలోన్నయిన్నా?" ఇదీ ఆయన మాట. రోజూ గోడలు పట్టుకుని నడుస్తున్నాడు. రెండుసార్లు ఫోన్‌లో కోప్పడ్డాను కూడా. అమ్మ మాత్రం ఒక మాటంది: "గా కట్టె పట్టడు బిడ్డా. నువ్వస్తే నీ బుజం పట్టుకుంటడు."

ఆ మాట విన్న రోజు నేను ఊరికి బయలుదేరలేదు. ఆ విషయం దాచి ఈ వ్యాసం రాయడం నాకిష్టం లేదు. బయలుదేరే బదులు ఏం చేశానంటే, మన ఛానెల్‌కి 'కర్ర' మీద ఒక వీడియో చేద్దామని పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను.

మొదట పేర్లు రాసుకున్నాను. పొద్దున లేస్తే పళ్ళు తోమే యాప పుల్ల. వంటింట్లో కవ్వం, తెడ్డు, రోకలి, రొట్టెల కర్ర. పెరట్లో మామిడికాయలు తెంపే దోటి, పందిరికి గుంజ, ఇంటికి వాసాలు, దూలం. పొలంలో ఎడ్ల మెడ మీద కాడి, రైతు చేతిలో ముల్లుగర్ర, నీళ్ళు మోసేవాడి భుజం మీద కావడి. గోదావరిలో పడవకు తెడ్డు, లోతు తక్కువ ఉన్నచోట గడ. పిల్లల ఆటకు చిర్రగోనె, చిన్నది చిర్ర, పెద్దది గోనె. డప్పు కొట్టేవాళ్ళకు రెండుంటాయి, లావుది చిర్ర, సన్నది సిటికెన పుల్ల. భజనలో కోలలు. బడిలో బెత్తం. పోలీసు చేతిలో లాఠీ. ఇక కొట్టడానికి పనికొచ్చేవాటికి మన భాషలో కొదవే లేదు. బడితె, దుడ్డుకర్ర, గుత్ప. గుత్ప చిన్న మాటేం కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు నేలకొరిగాక పల్లెల్లో జనం పట్టింది ఈ గుత్పలనే. సంఘానికి గుత్పల సంఘం అన్న పేరు కూడా పడింది. 'కర్ర ఉన్నవాడిదే బర్రె' అని సామెత ఉంది కదా, ఆ రోజుల్లో బర్రె ఎవరిదో తేల్చడానికి బీదవాడు కూడా కర్ర పట్టాడు.

మా తెలంగాణలో వీటన్నిటికీ కలిపి ఉన్న మాట కట్టె. పొయ్యిలోదీ కట్టే, చేతిలోదీ కట్టే. ఈ శరీరాన్ని కూడా కట్టె అనే అంటాం, 'ఈ కట్టె కాలేదాక' అని పెద్దవాళ్ళ నోట వింటుంటాం. ('కట్టె, కొట్టె, తెచ్చె' అని మూడు ముక్కల్లో రామాయణం చెప్తారే, అందులో కట్టె ఇది కాదు. అక్కడ వారధి కట్టాడని. చిన్నప్పుడు నేను రాముడు కట్టె తీసుకుని రావణుణ్ణి కొట్టి సీతమ్మను తెచ్చాడనే అనుకున్నాను. కథ ఎక్కడా తప్పలేదు కాబట్టి ఎవరూ సరిదిద్దలేదు.)

ఒక్క సంగతి గమనించండి. చెట్టు మీద ఉన్నప్పుడు కొమ్మకు ఈ పేర్లేవీ లేవు. కొమ్మ కొమ్మే. కోసి, చెక్కి, ఎవరి చేతిలో ఏ పనికి పెడితే ఆ పేరు వస్తుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది, ఫంక్షన్ ఒకటే, దానికి ఏమి ఇస్తే అలా పనిచేస్తుంది.

మన వైదిక కర్మల్లోకి వస్తే ఏ చెట్టు కట్టె అన్నది కూడా లెక్కే. నవగ్రహ హోమంలో సమిధలు చూడండి. సూర్యుడికి జిల్లేడు, చంద్రుడికి మోదుగ, కుజుడికి చండ్ర, బుధుడికి ఉత్తరేణి, గురువుకు రావి, శుక్రుడికి మేడి, శనికి జమ్మి. రాహువుకు గరిక, కేతువుకు దర్భ. ఉపనయనంలో వటువు చేతికి మోదుగ దండం ఇస్తారు. దాని ఎత్తు ఎంత ఉండాలో కూడా స్మృతులు చెప్పాయి, బ్రాహ్మణ వటువుకైతే జుట్టు దాకా. ఎండాకాలం ముందు మా వైపు అడవుల్లో ఎర్రగా అంటుకున్నట్టు పూసేది ఈ మోదుగే. ఏడెనిమిదేళ్ళ పిల్లవాడికి కర్ర ఎందుకండీ? భిక్షకు వెళ్ళేటప్పుడు కుక్కల్ని తోలుకోవడానికి అని మా ఫ్రెండ్ ఒకడు జోక్ చేశాడు. అదీ ఒక పనే. కానీ నీ నడకకు ఇప్పటినుంచి ఒక హద్దు ఉంది అని చేతికిచ్చే గుర్తు అది.

సన్యాసుల దగ్గర ఇది ఇంకా స్పష్టం. అద్వైత సంప్రదాయంలో ఒకే దండం, ఏకదండం. శ్రీవైష్ణవ జీయర్లది త్రిదండం, మూడు కర్రలు కలిపి కట్టింది. మాటను, మనసును, శరీరాన్ని మూడింటినీ అదుపులో పెట్టుకున్నవాడే త్రిదండి అని మనుస్మృతి చెప్తుంది. అంటే ఆ దండం ఎవరినీ కొట్టడానికి కాదు, పట్టుకున్నవాడికే.

రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడు ఇంకా బ్రహ్మర్షి కాకముందటి ఘట్టం తలచుకోండి. కామధేనువు కోసం వసిష్ఠుడి మీదికి అస్త్రాల మీద అస్త్రాలు వేశాడు, చివరికి బ్రహ్మాస్త్రం కూడా. వసిష్ఠుడు తన బ్రహ్మదండాన్ని ఎదురుగా ఎత్తి నిలబడ్డాడు. అన్నీ అందులో కలిసిపోయాయి. తిరిగి ఒక్క దెబ్బ వేయలేదు. మునులు వచ్చి శాంతించమంటే శాంతించాడు. కర్ర చేతిలో ఉండి కొట్టకపోవడం ఎంత కష్టమో చిన్నప్పుడు మా పీఈటీ సార్‌ని చూసి నాకు తెలుసు.

గీత పదో అధ్యాయంలో స్వామి తన విభూతులు చెప్తూ, అదుపులో పెట్టేవాళ్ళ చేతిలో దండాన్ని నేనే అన్నాడు. ఆ మాట అన్న స్వామే ఒకప్పుడు ఒక కర్రను చూసి వణికాడు. భాగవతం దశమస్కంధంలో కుండ పగలగొట్టాక యశోదమ్మ కర్ర పట్టుకుని వెంటపడింది. పట్టుకుంది. పిల్లవాడు కళ్ళు నులుముకుంటూ భయపడుతున్నాడని తెలియగానే ఆ తల్లి మొదట చేసిన పని కర్ర పక్కకు పారేయడం. ఆ తర్వాతే తాడు, రోలు. మనమందరం తాడు కథ చెప్పుకుంటాం, దామోదర నామం అందులోంచే వచ్చింది కాబట్టి. పారేసిన కర్ర దగ్గర ఎవరూ ఆగరు. నాకైతే ఆ కర్ర మీదే ధ్యాస. లోకాల్ని దండించేవాడు భయపడ్డాడంటే అది కర్రకు కాదు, అమ్మ కోపానికి. ఆమెకు అది తెలిసింది కనుకనే పారేసింది.

మా జిల్లాలోనే ఇంకో కర్ర ఉంది, చెప్పకుండా పోలేను. దీపావళి ముందు గోండు గూడేల్లో దండారి మొదలవుతుంది. దండేపల్లి మండలం గుడిరేవులో, గోదావరి ఒడ్డున, పద్మల్‌పురి కాకో అమ్మవారి దగ్గరికి దండారి బృందాలు వచ్చి మొక్కుతాయి. నెమలి ఈకల కిరీటాలతో ఆడే గుస్సాడీల చేతిలో కర్రను గంగారాం సోట అంటారు. అది తాకితే నొప్పులు పోతాయని నమ్మకం. మర్లవాయి కనకరాజు గారికి ఈ గుస్సాడీ ఆటకే 2021లో పద్మశ్రీ ప్రకటించారు. లాఠీ తాకితే నొప్పి వస్తుంది, సోట తాకితే నొప్పి పోతుంది. రెండూ చూస్తే మూరెడు, రెండు మూరల కర్రలే.

ఇంతా రాసుకుని వీడియో స్క్రిప్టు పూర్తయిందనుకున్నాను. చివర్లో 'దండం' అన్న మాట దగ్గర ఆగాను. దండం అంటే కర్ర. దండం అంటే శిక్ష. దండం అంటే నమస్కారం. మొదటి రెండూ అర్థమవుతాయి. మూడోది ఎలా వచ్చింది? సాష్టాంగ దండ ప్రణామం అంటాం. నిలబెట్టిన కర్రను వదిలేస్తే ఎలా పడుతుందో అలా పడటం. కర్ర పడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోదు. ఎక్కడ పడతానో చూసుకోదు. తనంతట తాను నిలబడలేనని దానికి ముందే తెలుసు. మనిషి అలా పడాలంటే ఎంత నమ్మకం కావాలి! మనం తూలితే చాలు, ఆలోచన రాకముందే చేతులు ముందుకు వెళ్ళిపోతాయి.

అక్కడ బాపు గుర్తొచ్చాడు. బాత్‌రూంలో పడ్డప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, అందుకే తలకు తగల్లేదు. గోడ పట్టుకుని నడిచే బాపుకు శరణాగతి గురించి హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని నేను పాఠం చెప్పబోతున్నాను. మహాభారతం ఆశ్రమవాస పర్వంలో ధృతరాష్ట్రుడు అడవికి బయలుదేరిన దృశ్యం ఉంది. ముందు కుంతి, ఆమె భుజం మీద గాంధారి చెయ్యి, గాంధారి భుజం మీద ధృతరాష్ట్రుడి చెయ్యి. నూరుగురు కొడుకులున్నప్పుడు ఆయనకు ఎన్ని ఊతలు! చివరికి ఊతగా నిలిచింది, ఆ కొడుకుల్ని చంపినవాళ్ళ తల్లి. పెద్దవాళ్ళు కొడుకును ముసలితనంలో ఊతకర్ర అంటారు. నేను మా బాపుకు ఊతకర్రను కొరియర్‌లో పంపాను.

కార్తీకమాసం మొదటి వారం సెలవు పెట్టి మంచిర్యాల వెళ్ళాను.

భుజం ఇస్తే పట్టుకున్నాడు, రెండు రోజులు. మూడో రోజు ఉదయం "నీకు ఆఫీసు లేదా" అని అడిగాడు. అప్పుడు నేను కర్ర ఊసెత్తలేదు. వీడియో కోసం ఒకటి కావాలన్నాను. బాయిలో రూఫ్ ఎట్ల చూస్తరో చూపెట్టమన్నాను.

నాకు తెలిసింది ఇంతే: షిఫ్టు మొదట్లో పని స్థలంలో పై బండను కట్టెతో తట్టి చూస్తారు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్ల సప్పుడు వస్తుంది. ఆ తేడా పట్టుకోలేకపోతే కింద ఉన్నవాళ్ళ ప్రాణం పోతుంది. బాపు తలుపు వెనక అల్యూమినియం కర్ర తీసి ఒకసారి పైకి తట్టి, "దీనికి సప్పుడే లేదు" అని మళ్ళీ అక్కడే పెట్టాడు. అటక మీద చూడమన్నాడు. దుమ్ములో మా తాత చేతికర్ర దొరికింది. తునికి కట్టె, నల్లగా, పట్టుకునే చోట అరిగి నున్నగా అయింది. మా అడవుల్లో ఆకు కోసి బీడీలకిచ్చే ఆ తునికి చెట్టే, దాని చేవ ఇనుములా ఉంటుంది.

బాపు దాన్ని చేతిలో ఒకసారి తిప్పాడు. వసారా స్లాబు కింద నిలబడి ఎడమచెయ్యి గోడకు ఆనించి, కుడిచేత్తో పైకి తట్టాడు. "ఇను." ఇంకో చోట తట్టాడు. "ఇది ఇను." ఖంగు, ఖంగు, ఖంగు. మూల దగ్గరికి వచ్చేసరికి బొద్దుమంది. ఓటికుండను కొట్టినట్టు. వానకు చెమ్మ పట్టి ప్లాస్టరు లోపల విడిపోయింది, పైకి మాత్రం సున్నం తెల్లగా బాగానే ఉంది. అక్కడితో ఆగలేదు. హాలు, వంటిల్లు, దేవుడి గది, ఒక్కో గదీ తట్టుకుంటూ పోయాడు. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళేటప్పుడు కర్ర నేల మీద ఆనుతోంది. ఆయన గమనించలేదు. అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి నా వైపు చూసి ఏమీ అనొద్దని సైగ చేసింది.

కూర్చున్నాక చాలా మాట్లాడాడు. "మా దిక్కు ముందు అన్నీ కట్టె ప్రాపులే. తర్వాత ఇనుపయి వచ్చినయ్, బోల్టులు వచ్చినయ్. మంచియే, కాదనను. గని కట్టె ఇరిగేముందు చెప్తది బిడ్డా. కిర్రు కిర్రుమంటది. అప్పుడు ఉరుకాలె. ఇనుము చెప్పది." ఒకసారి అలా చెప్పిన కట్టె వల్లే తాను ఇప్పుడు ఈ కుర్చీలో ఉన్నానన్నాడు. పక్కవాడి గురించి అడిగితే మాట మార్చాడు. ఆ క్లిప్ వీడియోలో లేదు, ఉండదు కూడా.

నాకు అప్పుడు అర్థమైంది, ఆయన కట్టెను వద్దనలేదు. ముప్పై ఏళ్ళు ఆయన నిలబెట్టిన కట్టెలు మనుషుల మీద బండ పడకుండా ఆపాయి. నేను పంపినదాని పెట్టె మీద 'వృద్ధుల కోసం' అని రాసి ఉంది. ఆ పేరు వద్దన్నాడు. మరుసటి రోజు నుంచి తాత కర్ర చేతిలోనే ఉంది. ఎవరైనా అడిగితే "గోడలు చూస్తున్న" అంటున్నాడు. మా వీధిలో నాలుగు ఇళ్ళ స్లాబులు తట్టి వచ్చాడు.

ఆ వారమే గూడెం గుట్టకు వెళ్ళాం. తెలియనివాళ్ళకు చెప్తాను, లక్షెట్టిపేట దాటి దండేపల్లి మండలంలో, గుట్ట మీద సత్యనారాయణ స్వామి. తెలంగాణ అన్నవరం అంటారు. కార్తీకంలో వ్రతాలకు జంటలు బారులు తీరుతాయి. అమ్మానాన్నలు నా పెళ్ళి కోసం మొక్కుకున్న వ్రతం అది (ఆ సంగతి కామెంట్లలో అడగొద్దు). మెట్లు ఎక్కడం బాపుకు కష్టమని నేను వేరే దారి అడుగుతుంటే, ఆయన కర్ర ఆనించుకుని అప్పటికే పది మెట్లు ఎక్కేశాడు. రెండో చెయ్యి నా భుజం మీద వేశాడు. ఎక్కేటప్పుడు ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. నాలుగైదు చోట్ల కూర్చున్నాం. కర్ర మీద పడే బరువు కన్నా నా భుజం మీద పడే బరువు తక్కువే ఉంది. నిజం చెప్పాలంటే కాస్త చిన్నబోయాను.

వ్రతం అయ్యాక అందరూ సాష్టాంగం చేస్తున్నారు. బాపు మోకాలు వంగదు. కాసేపు నిలబడి చూశాడు. తర్వాత నా భుజం పట్టుకుని కొద్దిగా వంగి తాత కర్రను స్వామికి ఎదురుగా నేల మీద పొడుగ్గా పరిచాడు. రెండు చేతులు జోడించాడు.

"నాతోని కాదు సామీ. ఇది పెడ్తది దండం."

శాస్త్రప్రకారం అది సాష్టాంగమేనా అని నన్ను అడగకండి, నాకు తెలియదు. దండం గురించి నెలరోజులు చదివి నేను రాసుకున్న స్క్రిప్టు ఫోన్‌లో ఉంది. తీసి చూడాలనిపించలేదు. వెనక వరుసలోవాళ్ళు ముందుకు వస్తున్నారు. అమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "తియ్యి బిడ్డా, ఎవలన్న తొక్కుతరు" అంది. వంగి తీసి బాపు చేతికిచ్చాను.

అల్యూమినియం కర్ర ఎక్కడుందని కొందరికి అనుమానం రావచ్చు. బట్టల తీగ కిందికి జారకుండా అమ్మ దాన్ని పెరట్లో గడగా పెట్టింది. నాలుగు కాళ్ళ మీద బాగానే నిలబడుతోంది.

శుభం.